పాతర, గరిసె, దొంతి : మదనపల్లె సీమ ఇండ్లలో నిలువ చరిత్ర

మదనపల్లెకు చేరువను, కురబలకోట మండలమున, అంగళ్లు అను గ్రామము కలదు. ఆ ఊరి పేరు అంగడి శబ్దమునకు బహువచనరూపము. అంగడి తెలుగువారికి మాత్రమే చెందిన పదము కాదు. తమిళ కన్నడ మలయాళములందును అదే పదము వాడుకలో నున్నది. మధురానగరమున పగలు సాగు సంతకు నాళంగాడి యనియు, రాత్రి సాగుదానికి అల్లంగాడి యనియు ప్రాచీన తమిళ కావ్యములు పేరు పెట్టినవి. క్రయవిక్రయములకు ఇట్లు నాలుగు భాషలకును ఒకే మాట చాలినది. కాని కొన్న గింజనో, పండిన గింజనో ఇంట దాచుకొను సాధనముల పేర్లకు వచ్చుసరికి ఈ పొత్తు కానరాదు. మూడు రాష్ట్రముల పొలిమేరలు చేరువగా నుండు కుప్పము ప్రాంతమును చూడుడు. తెలుగువాడు గరిసె యనుదానిని తమిళుడు కుదిర్ అనును, కన్నడిగుడు కణజ అనును. తెలుగు పాతర కన్నడమున హగేవు. అంగడి మాట బండితో పాటు ఊరూరు తిరిగినది. ఇంటి మూలనున్న వస్తువు పేరు ఆ మూలనే ఉండిపోయినది.

ఈ భేదమే మా పరిశీలనకు మొదలు. గృహచరిత్ర వ్రాయువారు గోడలను, స్తంభములను, వాకిళ్లను కొలిచెదరు గాని, ఆ ఇంట గింజ ఎచ్చట ఉండెను, ఎంతకాలముండెను అని అడుగుట అరుదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ఇండ్లలోని నిలువ చోట్లు ఒక విషయమును తెలుపుచున్నవని మా అభిప్రాయము. ఒక కుటుంబము తన తిండికి తాను ఎన్ని నెలలు, ఎన్ని ఏండ్లు పూచీపడవలసి యుండెనో ఆ చోట్లే చెప్పును. అవి డబ్బు పెట్టి కట్టినవి కావు. మట్టి, వెదురు, ఈతబర్ర, నార, పేడ అను వానితో, చేతి పనితో ఏర్పడినవి. అందుచేతనే శాసనములకును లెక్కలకును అవి అందలేదు.

ఆధారముల విషయము ఇచ్చట కొంత చెప్పవలసి యున్నది. ఈ సీమ 1911 వరకు ఒక జిల్లా కాదు. మదనపల్లె 1800లో నైజామునుండి ఆంగ్లేయులకు దత్తమైన మండలములలోనిది. చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు కడప జిల్లాలో నుండెను. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తరార్కాడు జిల్లాకు చెందినవి. కావున మదనపల్లెకు గ్రిబిల్ దొర 1875లో వెలువరించిన కడప మాన్యుయలును, పుంగనూరు కుప్పములకు కాక్స్ దొర 1881 నాటి ఉత్తరార్కాడు మాన్యుయలును చూడవలెను. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరుటతో ఒకప్పటి ఈ విభజన మరల కొంత కంటబడినది. అయితే ఆ దొరల దృష్టి శిస్తుపైనను, సేద్యముపైనను నిలిచినది. వంటింటి మూల వారికి కానరాలేదు. ఆ మూలను చూచుటకు మనకు మిగిలినవి కావ్యములు, సామెతలు, నిఘంటువులు, ఇంకను అచ్చటచ్చట మిగిలిన వాడుక.

నిలువ చోట్లలో మొదట చెప్పదగినది పాతర. పాతు ధాతువునుండి పుట్టిన పదమిది. బ్రౌను 1852 నాటి తన తెలుగు నిఘంటువున దీనికి నేలలోపలి ధాన్యపు కొట్టు అను అర్థమునే చూపినాడు. నీరు ఊరని గట్టి గరపనేలను ఎన్నుకొని, నోరు ఇరుకుగా, కడుపు వెడల్పుగా గొయ్యి త్రవ్వుదురు. లోపల మంట వేసి తడి ఆర్చుట, అడుగున ప్రక్కల ఎండుగడ్డి మందముగా పరచుట, వేపాకు గాని వావిలాకు గాని కలుపుట, గింజ నింపి మీద గడ్డి కప్పి మట్టితో మెత్తి నోరు మూయుట, ఇదియే పద్ధతి. ఖర్చనదగినది త్రవ్వు కూలి ఒక్కటే. అదియును తరచు ఇంటివారి రెక్కలదే. లోపల గాలి చొరదు. ఉన్న గాలిని గింజ పీల్చి విడిచిన పిదప పురుగు బ్రదుకదు. అదే కారణమున పాతర తెరచువారికి ప్రాణాపాయమును కలదు. నోరు తెరచి కొంతకాలము విడిచిపెట్టి, దీపము దింపి చూచి, అది ఆరకున్నప్పుడే మనిషిని దింపవలెను. రసాయనశాస్త్రము ఎరుగని రైతు ఈ పరీక్షను ఎట్లు కనుగొనెనో ఊహించుకొనవలసినదే. తొలి పాఠము ఎవరి ప్రాణముతోనో నేర్చియుందురు.

పాతరలను చూచి పూర్వపు సమృద్ధిని కొనియాడు వ్యాసములు మనకు కొల్లలు. గింజ మిగిలినది కనుక గొయ్యి త్రవ్విరని వారి వాదము. మేము దీనిని అంగీకరింపజాలము. సమృద్ధియే కారణమైనచో గోదావరీ కృష్ణా డెల్టాలలో పాతరలు మిక్కుటముగా నుండవలెను. అచ్చటి నేల తేమకు గొయ్యి నిలువదు, నిజమే. కాని అచ్చట ఏడేడు నీరు వచ్చును, పంట వచ్చును. మదనపల్లె సీమ సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న మెట్ట. ఇచ్చట జీవనది లేదు. చెరువు నిండిన ఏడు పంట, నిండని ఏడు ఎండ. ఇట్టి చోట గొయ్యి త్రవ్వినవాడు ఈ ఏటి మిగులును తలచి త్రవ్వలేదు, వచ్చు ఏటిని తలచి భయముతో త్రవ్వినాడు. దానికి తోడు దోపిడి భయము. గుర్రంకొండ దుర్గమునకై నవాబుల సేనలు, మరాటాలు, మైసూరువారు పెనగులాడిన పదునెనిమిదవ శతాబ్దమున ఈ ఊళ్లలో పైకి కానవచ్చు గాదె ఎవరిదైనను కావచ్చును. 1816లో పిండారీలు గుంటూరు, కడప సీమలపై పడినారు. గింజ నేలలో నుండి, దానిపై పశువులు పండుకొని యుండిన చోటు పరులకు తెలియుట కష్టము.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు కోష్ఠాగారములోని ధాన్యమున సగము జనపదమునకు ఆపద వచ్చినపుడు వాడుటకై నిలిపి ఉంచవలెననియు, పాతదానిని తీసి క్రొత్తదానిని చేర్చుచుండవలెననియు విధించినాడు. ఆ కోష్ఠాగారమే మన కొఠారు అయినది. గండికోటలో రాతితో కట్టిన ధాన్యాగారము నేటికిని నిలిచి యున్నది; చూచినవారు దాని కమానులను మెచ్చుకొందురు. అది కోటలోని సేనకు అన్నము పెట్టినది. కోట వెలుపలి పల్లెకు పాతరయే కొఠారు.

పాతర ఏండ్ల లెక్కది. గరిసె ఏటి లెక్కది. వెదురుబద్దలతో గాని, ఈతబర్రలతో గాని, కందికట్టెతో గాని నిలువెత్తున అల్లి, లోపల వెలుపల పేడయు మట్టియు కలిపి మెత్తి, రాళ్లపై నిలిపిన గుండ్రని కట్టడము గరిసె. ఎత్తు రాళ్లు చెదనుండియు తేమనుండియు కాపాడును; పందికొక్కునుండి పూర్తిగా కాపాడజాలవు. గాదె క్రింది పందికొక్కు అను మాట ఊరక పుట్టలేదు. పైనుండి నింపుట, అడుగున గుడ్డతో మూసిన కన్నమునుండి తీయుట దీని మర్మము. పాత గింజ మొదట వచ్చును, క్రొత్త గింజ మీద నుండును. కౌటిల్యుడు అధికారులకు ఆజ్ఞగా చెప్పినదానిని ఇచ్చట ఆ కన్నమే నెరవేర్చుచున్నది. కొన్ని ఇండ్లలో గరిసెలను వరుసగా నిలిపి నడిమింటిని రెండు భాగములు చేయుట కలదు. గోడ కట్టు ఖర్చు తప్పినది, గింజకు చోటు దొరికినది.

కోస్తాలో గాదె, పురి, తెలంగాణమున గుమ్మి, గరిసె, రాయలసీమలో గరిసె. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటము ఇట్టి పదముల విస్తృతిని మొదట శాస్త్రీయముగా చూపినది. వీనిలో గరిసె మాటకు పట్టిన అదృష్టము విచిత్రమైనది. ఒక గరిసెడు ధాన్యము అనునది కొలతయై, ఆ కొలత చెన్నపట్టణపు వర్తకుల చేతబడి, ఆంగ్లమున గార్స్ అను రూపము తాల్చి, మద్రాసు రాజధాని ధాన్యపు లెక్కలన్నిటను చేరినది. 8 పడులు ఒక మరకాలు; 400 మరకాళ్లు ఒక గార్స్. పల్లెటూరి పేడమెత్తిన బుట్ట పేరుతో దొరలు ఓడలకెత్తు బియ్యమును లెక్కించిరి. ఆ లెక్కలు చదువు పరిశోధకులలో పలువురు ఆ పదమునకు మూలము తెలుగని ఎరుగరు.

ఈ సీమలో పాతరకును గరిసెకును పనికివచ్చిన గింజ వరి కాదు, రాగి. సంగటి తిను మెట్టదేశమునకు రాగిని మించిన ధాన్యము లేదు. గింజ మిక్కిలి చిన్నది, పైపొర గట్టిది, పురుగు తొలుచుటకు చోటు లేదు. ఎండబెట్టి దాచినచో ఏండ్ల తరబడి చెడదు. కందులు, అలసందలు అట్లు కావు. వానికి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టుట, బూడిద కలుపుట, ఆముదము చేయి రాయుట అను పాట్లు తప్పవు. ఏ గింజకు ఏ చోటు అను విచక్షణ ఇల్లాలిది. పొలమున ఏమి విత్తవలెనో మగవాడు నిర్ణయించియుండవచ్చును; ఎన్నాళ్లకు ఎంత తీయవలెనో, విత్తనమునకు ఎంత ముట్టకుండ ఉంచవలెనో ఆమె నిర్ణయించినది. ఈ అధికారమును మన సాంఘిక చరిత్రలు తగినంత గుర్తింపలేదు.

గరిసె కలవాడు రైతు. దినకూలికి గింజలు కొలిపించుకొని తెచ్చుకొను కుటుంబమునకు గరిసెతో పనిలేదు. అచ్చట నిలువ యనగా దొంతియే. పెద్ద కాగు అడుగున, దానిపై కడవ, దానిపై కుండ, ఆపై చట్టి, కొనను పిడత. ఒకదాని అడుగు మరొకదాని మూతియై నిలుచును. మూరెడు నేలలో అయిదారు వస్తువులకు చోటు కుదిరినది. బల్లతోను వడ్రంగితోను పనిలేదు. కుమ్మరికి కళ్లమున ఏటేట ఇచ్చు మేరతో కుండలు వచ్చును గనుక చేతినుండి కాసు కదలదు. క్రిందిది తరచు తీయరానిది, విత్తనమో, ఉప్పు చేర్చిన చింతపండో. మీదిది దినదినము తీయవలసినది, ఉప్పో మిరపకాయయో. తక్కువ చోటును తక్కువ వ్యయముతో సర్దుకొను విద్యకు ఇంతకంటె పొందికైన ఉదాహరణము మేము ఎరుగము.

ఆ కాగు దొర్లకుండ క్రింద పెట్టు గడ్డి చుట్టకు కుదురు అని పేరు. కుదురుగా కూర్చుండుట, పని కుదురుట, మనసు కుదుటపడుట, పెండ్లి కుదుర్చుట అను మాటలన్నియు ఈ శబ్దపు చుట్టములే. కుండక్రింది చుట్టనుండి మనోభావమునకు పోయినదా, స్థిరపడుట యను సామాన్యార్థమునుండి కుండ చుట్టకు వచ్చినదా అనుదానిలో మేము రెండవ పక్షము వారము. ఏలయన తమిళమునను కుదిర్ క్రియకు స్థిరపడుట యనియే అర్థము. ధాన్యపు గాదెను తెలుపు తమిళ కుదిర్ నామమును దీనితో జతచేయ బుద్ధి పుట్టుట సహజము. రూపసామ్యము ఒక్కటే చాలదు గనుక దానిని తొందరపడి అంగీకరింపరాదు. నిలువ అను పదమున ఇట్టి చిక్కు లేదు; నిలుచు, నిలువు, నిలువ ఒకే కుటుంబము.

బీదయింటికి మరియొక నిలువచోటు గోడయే. మట్టిగోడ మందము రెండు మూరలు. దానిలో తొలిచిన గూడు దీపమునకు, పసుపు కుంకుమలకు, మందు వేళ్లకు, చిల్లర కాసులకు స్థానము. గోడలు పెట్టుచుండగనే గూళ్లు విడుచువారు కొందరు, తరువాత తొలుచువారు కొందరు. బోద కప్పిన కొట్టమున మధ్య దూలమునుండి ఉట్టి వ్రేలాడును. పాలు, పెరుగు, వెన్న, రాత్రి మిగిలిన సంగటి దానిపైన. పిల్లి, చీమ, ఎలుక, పిల్లవాడు అను నలుగురి నుండి రక్షణకు నార త్రాడు చాలినది. నాలుగవవాని విషయమున చాలలేదని భాగవతము చెప్పుచున్నది. దశమస్కంధమున గోపికలు యశోదతో చెప్పుకొన్న మొరలలో కృష్ణుడు ఉట్టి అందక రోళ్లును పీటలును పేర్చి ఎక్కుటయు, అప్పటికిని చేయి చొరక కుండ అడుగున తూటు చేయుటయు కలవు. భక్తులు దీనిలో లీలను చూతురు. మేము ఇచ్చట పదునైదవ శతాబ్దపు తెలుగింటి ఉట్టి ఎంత ఎత్తున నుండెనో చూచుచున్నాము. ఉట్టికి ఎగురలేనమ్మ స్వర్గమునకు ఎగిరినట్లు అను సామెతయు ఆ ఎత్తునే చెప్పును.

ఉట్టికి మించినది పొయ్యి పైభాగము. విత్తనపు జొన్నకంకులు, బీర సొర విత్తనములు నింపిన బుర్రలు అచ్చట వ్రేలాడగట్టుదురు. వంట పొగయే వానికి మందు. ఒకే మంట అన్నము వండినది, విత్తనమును కాచినది. పొగ కంటికి చెరుపని చెప్పి పొగగూళ్లు పెట్టించినవారు మేలు చేసిరి. ఆ మేలుతో పాటు విత్తనము పొయ్యిపైనుండి దిగినది.

కావ్యములలో ఈ వస్తువులు పలుచోట్ల పొడసూపును. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట వానలు విడువకుండ కురియు దినములలోను అతిథులకు వంట ఆగదు. పొగ రాకుండుటకు కొబ్బరి బొరియలతో మంట. విస్తరిలో వడియములు, వరుగులు. వేసవిలో ఎండబెట్టి దాచినది వానలో తినుట అను గృహనీతి ఆ ఒక్క వర్ణనలో నున్నది. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ఇట్టి వస్తువులకు గని. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దానిని విరివిగా వాడుకొన్నారు. ఆ త్రోవలో నడచినవారు తక్కువ.

ఈ ఏర్పాటు చెదరుటకు మూలము ఏది? మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. శిస్తు రొక్కముగా, కిస్తులలో కట్టవలెను. కిస్తు తప్పించుటకు కళ్లముననే గింజ అమ్మవలెను. పాతరకు పోవలసినది అంగడికి పోయెను. 1876లో రెండు ఋతుపవనములును తప్పినపుడు ధాత కరువు వచ్చినది. 1878 వరకు సాగిన ఆ కరువున కడప, ఉత్తరార్కాడు జిల్లాలు రెండును కుమిలినవి. పాతర ఒక ఏటి అనావృష్టికి నిలుచును. శిస్తుకై అమ్మగా మిగిలిన పాతర నిలువలేదు. 1880లో కరువు కమీషను కరువు సీమలకు రైలుమార్గములు వేయవలెనని చెప్పెను. కుప్పము మీదుగా బెంగుళూరుకు 1864లోనే రైలు నడచినది. పాకాల ధర్మవరముల మార్గము, దానిపై మదనపల్లె రోడ్డు స్టేషను, 1890ల తొలినాళ్లలో వచ్చినవి. లేనిచోటికి గింజను తెచ్చు బండియే ఉన్నచోటినుండి గింజను తీసికొని పోవును. నిలువ ఇంటినుండి కదలి గోదాములలో చేరినది.

రైలు మరియొక వస్తువును తెచ్చినది. కిరసనాయిలు నాలుగు గ్యాలనుల, అనగా సుమారు 18 లీటర్ల, చదరపు డబ్బాలలో, పెట్టెకు రెండు చొప్పున వచ్చెడిది. నూనె అయిపోయిన పిదప డబ్బా పై రేకు కోసి, కర్ర పిడి బిగించి, కడిగి ఎండబెట్టి గింజలు పోసిరి. పెట్టెను అడ్డముగా నిలిపి బీరువా చేసిరి. ఎలుక కొరుకదు, దొర్లదు, పగులదు. ఒకదానిపై ఒకటి పెట్టిన దొంతివలెనే నిలుచును. కుమ్మరి దొంతికి మొదటి పోటీ ఇదే. మేర పుచ్చుకొను కుమ్మరికి దీనివలన కలిగిన నష్టమును ఎవరును వ్రాయలేదు. 1960లలో ప్రభుత్వము ధాన్యరక్షణ ప్రచారము సాగించి ఇనుప గాదెలను మంచివని చెప్పినది. మంచివే, కాని గరిసెను ఇంటివారే అల్లుకొనగలరు, ఇనుప గాదెను కొనవలెను.

చివరి దెబ్బ మేలు రూపమున వచ్చినది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట మొదలుపెట్టెను. ఆకలి తీరినది, దీనిని తక్కువ చేసి మాటలాడువారితో మేము ఏకీభవింపము. అయితే నెలనెల బియ్యము వచ్చు ఇంటికి ఏటి గరిసె ఏల? నెలకు సరిపడు డబ్బా చాలును. అప్పటికే వేరుసెనగ మెట్టలను ఆక్రమించి యుండెను. రాగి పొలమునుండి తగ్గినది, గరిసె ఇంటినుండి తొలగినది, ఆ చోట మంచమో బీరువాయో చేరినది. ఏండ్ల లెక్క నెలల లెక్కకు దిగినది.

ఆపై టమాటా వచ్చినది. మదనపల్లె సంత దేశమున పేరెన్నికగన్నది. అంగళ్లలోను టమాటా సంత కలదు, ఆ ఊరి పేరు ఈనాటికి సార్థకమైనది. రాగి పండించినవాడు ధర లేనపుడు పాతర మూసి కూర్చుండగలిగెను. టమాటా పండించినవాడు నాలుగు దినములు ఆగలేడు. 2023 జూలైలో ఇచ్చట కిలో ధర 150 రూపాయలు దాటినది. ధర పడినపుడు కోత కూలి రాదని కాయలను చేనిలోనే విడుచుటయు, బాటప్రక్క పారబోయుటయు ఈ సీమవారికి క్రొత్త కాదు. ఆ పంటకు ఇంట దాపు లేదు. ఉన్నదల్లా విష్ణుచిత్తుని ఇంటి వరుగే. ఎండలో ఆరబెట్టిన ముక్కలు కొన్ని ఇండ్లలో నేటికిని కుండలకు ఎక్కుచున్నవి. సంతలో విరిగిన ప్లాస్టిక్ తట్టలు మాత్రము ఇండ్లకు చేరి, ఒకదానిపై ఒకటిగా, ఉల్లిగడ్డలకు, పుస్తకములకు, చెప్పులకు నెలవులైనవి. కిరసనాయిలు డబ్బాకు వారసులవి.

పదముల గతి వస్తువుల గతిని వెంబడించినది. గరిసె మాట పుంగనూరు ప్రాంతపు వృద్ధుల నోట వినబడును. వారి మనుమలకు అది తెలియదు. కుదురు మాట మిగిలినది, కుదురు అను వస్తువు అరుదైనది. పాతరది వేరొక కథ. రేపటి గింజను భద్రముగా నేల కప్పుట దాని తొలి అర్థము. నేటి పత్రికలలో ఆ మాట ప్రతిదినము కానవచ్చును: వాగ్దానములకు పాతర, నిబంధనలకు పాతర, న్యాయమునకు పాతర. మరల తీయుటకై దాచుట అను అర్థము పోయి, మరల కానరాకుండ పూడ్చుట అను అర్థము మిగిలినది. ఈ మార్పు ఏ దశాబ్దమున పత్రికా రచనలో మొదలైనదో పాత సంచికలను వరుసగా చూచి నిర్ణయింపవచ్చును. 1983కు ముందు వెనుకల సంచికలతో ఆ పని మొదలుపెట్టదలచిన విద్యార్థికి మా వద్దనున్న పదపట్టికను ఇచ్చెదము.